నలభై ఒకటో నంబరు ఫోల్డర్

పదమూడు మిల్లీమీటర్లు.

చూపుడువేలి గోరు వెడల్పంత. ఆ కాస్త తేడాకే సైకిల్ మెకానిక్ నడుం ఒక పక్కకి ఒరిగిపోయింది. నడక నేర్పే గదిలో రెండు ఇనప కమ్మీల మధ్య నిలబడి, కొత్త కాలు మీద బరువు వేయబోయి, పళ్ళు బిగించి రెండు చేతులతోనూ కమ్మీలు పట్టేసుకున్నాడు. కాలు విప్పి చూస్తే, మోకాలి కింద మిగిలిన భాగం చుట్టూ చర్మం ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

"ఏం ఫర్లేదండీ, అలవాటు పడాలి కదా" అన్నాడు తప్పంతా తనదే అయినట్టు.

అలవాటుతో సర్దుకునే వ్యవహారం కాదది. కాలు పొట్టిగా ఉంది. పైన తొడుగు బిగుతుగా ఉంది. కొలత తప్పింది. ఐదు వారాల్లో ఇది మూడోసారి. మూడుసార్లూ కొలిచింది ఒక్కరే.

మేనేజర్ ఒంటికాలి మీద లేచాడు. కృత్రిమ కాళ్ళు తయారుచేసే ఆ ఆవరణలో అలాంటి మాటలు ఎవరూ పైకి అనరు గానీ, ఆ సోమవారం పొద్దున ఆయన్ని చూసినవాళ్ళందరి మనసులోనూ మెదిలింది అదే మాట. ఆయన నేరుగా మెట్లెక్కి పై అంతస్తులోని సర్వర్ గది తలుపు తోశాడు.

లోపల సర్వరయ్య ఉన్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇస్త్రీ చెడని చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఇరవై రెండేళ్ళుగా ఆ సంస్థలో కంప్యూటర్లన్నిటికీ ఆయనే దిక్కు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఆయన టీలు అందించే మనిషనుకుని రెండు కాఫీలు చెప్పిన సందర్భాలున్నాయి. ఆయన ఏమీ అనేవాడు కాదు. మర్నాడు వాళ్ళ పాస్‌వర్డ్ పనిచేసేది కాదు, అంతే.

విషయం చెప్పి మేనేజర్ అడిగింది ఒకటే. మెకానిక్ కొలతల షీటుని చివరిసారి ఎవరు సేవ్ చేశారు?

సర్వరయ్యకి అది నిమిషం పని. షీటు నంబరు 187, కుడికాలు. సేవ్ చేసిన ఉద్యోగి నంబరు 41. నలభై ఒకటంటే టేపక్క. కొలతలు తీసే ఆవిడ. పద్దెనిమిదేళ్ళుగా మెడలో టేపు వేసుకు తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. ముసలివాళ్ళ దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరికీ ఆవిడ టేపక్కే.

మిగతా రెండు షీట్లూ చూశాడు. రెండిటి మీదా నలభై ఒకటే.

"ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వు" అన్నాడు మేనేజర్. "గురువారం మూడింటికి కమిటీ. మూడు తప్పులు చేసిన మనిషిని నేనింక మొయ్యలేను. ఆవిడ ఫోల్డర్‌కి కాపీ తీసి తాళం వేసెయ్."

సర్వరయ్య ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. రాసిందాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆ రోజుకి ఆయన హాయిగా మధ్యాహ్నం భోజనం చేశాడు.

మంగళవారం పదింటికి కాపీ తీయడానికి కింద కొలతల గదికి వెళ్ళాడు.

చిన్న గది. ఒక ఎత్తు బల్ల, ఒక ముక్కాలి పీట, గోడకి నిలువెత్తు అద్దం, మూలన కంప్యూటర్. టేపక్క నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. బల్ల అంచున ఒక స్కూలు పంతులమ్మ, మోకాలి దాకా చీర ఎత్తి పట్టుకుని, కళ్ళు గోడకేసి తిప్పుకుని కూర్చుంది.

తను వచ్చిన పని సర్వరయ్య చెప్పాడు. టేపక్క తలెత్తి చూసి, "ఆ మూల కూర్చోండి. మాది అయ్యేదాకా ఇటు తిరక్కండి" అంది. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కాపీ మొదలుపెట్టాడు. పాత యంత్రం. నలభై నిమిషాలంది.

వెనక నుంచి మాటలు వినపడుతున్నాయి. కొలతల గురించి కాదు. ఆవిడ ఏ తరగతికి చెబుతారు, మెట్లెక్కాలా, బోర్డు మీద రాసేటప్పుడు ఏ కాలి మీద బరువు వేస్తారు, ఇంట్లో బాత్రూం గడప ఎంత ఎత్తు. అడుగుతూనే టేపక్క రెండు చేతులతో ఆ కాలి మొదలుని పట్టుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేళ్ళతో ఎముక అంచు వెతుకుతోంది. ఎదురుగా మానిటర్ అద్దంలో సర్వరయ్యకి ఆవిడ భుజాలు మాత్రం కనిపిస్తున్నాయి. వెతికిన చోట దొరికినట్టుంది, ఆ భుజాలు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఊదారంగు పెన్సిల్‌తో గీత పెట్టిన చప్పుడు.

అప్పుడు టేపు దిగింది. గీత నుంచి కిందికి ఒకసారి. టేపు పూర్తిగా తీసేసి, మళ్ళీ వేసి ఇంకోసారి. మూడోసారి కింద నుంచి పైకి. మూడూ కలిస్తేనే అంకె పైకి చెప్పింది.

"ఇరవై ఎనిమిది పాయింట్ నాలుగు. ఏదీ, మీరు ఒకసారి అనండి."

"ఇరవై ఎనిమిది పాయింట్ నాలుగు" అంది పంతులమ్మ.

"మీ కాలు కదా, మీకు తెలియాలి. రేపు నేను మర్చిపోయినా మీరు గుర్తు చెయ్యాలి."

పంతులమ్మ నవ్వింది. చీర పట్టుకున్న చేతి బిగువు కాస్త సడలింది. చుట్టుకొలతలకొచ్చేసరికి టేపక్క వేలి వెడల్పుకొకచోట గీత పెట్టి, గీతకి మూడుసార్ల చొప్పున కొలిచింది. పదిహేడు అంకెలు. పదిహేడూ ఆ మనిషి చేత పలికించింది. చివరికొచ్చేసరికి పంతులమ్మ పాఠం ఒప్పజెప్పే పిల్లలా ముందే అందుకోవడం మొదలుపెట్టింది.

సర్వరయ్య చూస్తున్నది మానిటర్‌నే. చూపు మాత్రం దాని మీద లేదు. పదిహేడు అంకెలకి యాభై ఒక్కసారి టేపు వేసే మనిషి పదమూడు మిల్లీమీటర్లు ఎలా పోగొట్టుకుంటుంది? ఒకసారంటే సరే. మూడుసార్లా?

పంతులమ్మ వెళ్ళాక ఆయన కుర్చీ తిప్పాడు. ఆవిడ రాసుకున్న కాగితాలున్నాయా అని అడిగాడు. మెకానిక్‌వి దొరికితే చాలని చెప్పాడు.

"ఎక్కడివండీ? షీటు సేవ్ అయ్యాక కాగితం ముక్కలు చేసెయ్యమని ఆర్డరు. మీరే కదా గోడకి అంటించింది."

గోడకి నిజంగానే అంటించి ఉంది. కింద తన సంతకం.

"మరి షీటులో తప్పు అంకె ఎలా వచ్చిందమ్మా?"

"నాకేం తెలుసు?" అంది టేపు చుట్టుకుంటూ. గొంతులో కోపం లేదు. అడిగి అడిగి అలిసిపోయిన మనిషి గొంతు అది. "నా ఫోల్డర్‌లో నేను రాయని కొలతలు కనిపిస్తున్నాయని నెల కిందటే చెప్పాను. కుడికాలు లేని మనిషికి ఎడమకాలి షీటు ఉంటోందని చెప్పాను."

"ఎవరికి చెప్పారు?"

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

"మీకే."

సర్వరయ్య మెట్లు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. ఫిర్యాదుల జాబితా తెరిచాడు. నెల వెనక్కి వెళ్ళాడు. ఉంది. ఉద్యోగి 41, కొలతల గది. 'నా ఫోల్డర్‌లో నేను రాయని షీట్లు వస్తున్నాయి. నేను రాసినవి మారినట్టు అనుమానంగా ఉంది. దయచేసి వచ్చి చూడగలరు.' దాని కింద జవాబు. 'వాడుకలో పొరపాటు. లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి. ఫిర్యాదు ముగించడమైనది.'

ఫిర్యాదు వచ్చింది పదకొండూ పదికి. ముగిసింది పదకొండూ పన్నెండుకి.

రెండే నిమిషాలు. అందులోనే అది చదవడం, నిర్ణయించుకోవడం, జవాబు కొట్టడం, కాఫీ గుక్క తాగడం కూడా అయిపోయాయి.

 చెయ్యి పనిలోకి దిగింది. సోమవారం తను నంబరు గడి ఒక్కటే చూశాడు. ఇప్పుడు మొత్తం వరస తెరిచాడు. షీటు 187. సేవ్ అయిన టైము సాయంత్రం ఆరూ నలభై. టేపక్క ఐదింటి బస్సుకి వెళ్ళిపోతుంది, గేటు దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. పక్క గడిలో యూనిట్ పేరు.

ఈ యూనిట్ కాదు. రోడ్డవతలిది.

అప్పుడు అంతా కళ్ళకి కట్టింది. పోయినేడు రోడ్డవతల ఉన్న ఇలాంటి సంస్థనే ఇందులో కలిపేశారు. వాళ్ళ కంప్యూటర్లు వేరు, వాళ్ళ డొమైన్ వేరు. డొమైనంటే ఇంటిపేరు లాంటిది. ఒకే నంబరు రెండిళ్ళలోనూ ఉండొచ్చు, ఇంటిపేరు కలిపి పిలిస్తేనే ఎవరో తెలుస్తుంది. రెండిళ్ళనీ ఒకే ఫైల్ సర్వర్ కిందికి తెచ్చింది సర్వరయ్యే. ఒక్క పూటలో చేశాడని శాలువా కూడా కప్పారు. ఎవరి ఫోల్డర్ వాళ్ళకి. గదిలో సేవ్ చేస్తే క్షణంలో సర్వర్‌లోకి, అక్కణ్ణుంచి వర్క్‌షాపులోకి. ఆ ఫోల్డర్లకి పేర్లెలా పెట్టాలని సర్వర్ అడిగింది. ఉద్యోగి నంబరొక్కటేనా, డొమైన్ కూడా కలపాలా? నంబరొక్కటే చాలన్నాడు. పొట్టిగా, శుభ్రంగా ఉంటుందని. ఒకరి ఫోల్డర్ ఇంకొకరు తెరవకుండా బిగించాలా అని కూడా అడిగింది. రాత్రిళ్ళు నకళ్ళు తీసే ప్రోగ్రాం ఆ తాళానికి అడ్డం తిరుగుతోందని, అక్కడున్న టిక్కు తీసేశాడు. పదకొండు నెలలు ఏమీ కాలేదు. ఎందుకంటే రోడ్డవతల నలభై ఒకటో నంబరు మనిషికి కంప్యూటరే లేదు.

ఐదు వారాల కిందట వచ్చింది. ఇచ్చింది కూడా తనే.

చెప్పులు వేసుకుని రోడ్డు దాటాడు. అవతలి యూనిట్‌లో నలభై ఒకటి ఎవరని అడిగితే, పిండికట్టు మామ అన్నారు. అక్కడ కొలతలు తీసేది ఆయనే, అరవైకి దగ్గరపడ్డ మనిషి. మోచేతుల దాకా తెల్లటి పిండి. సర్వరయ్యని చూడగానే చేతులు తుడుచుకుని, కుర్చీ లాగి, ఆ కంప్యూటర్ ఇచ్చినందుకు పది దణ్ణాలు పెట్టాడు.

"భలే మెషీనండీ. మొదట్లో భయపడ్డాను గానీ, ఇది మనకి సాయం చేస్తోంది. నేను కొత్త షీటు తెరిస్తే ఒక్కోసారి అంకెలు ముందే నింపి పెట్టి ఉంటోంది."

"అంకెలు ముందే..."

"నమూనా అన్నమాట. ఎక్కడ ఏది రాయాలో మాలాంటి మొద్దులకి తెలియాలని. చెరిపేసి, దాని మీద నావి రాసేసుకుంటున్నా."

సర్వరయ్య మనసులో లెక్క కట్టుకున్నాడు. రెండు యూనిట్లూ ఏడాది మొదట్లో ఒకటో నంబరు నుంచే మనుషుల్ని లెక్కపెడతాయి. ఇక్కడ 187, అక్కడా 187. టేపక్క వేగం ఎక్కువ. కాబట్టి ఆవిడ ఎప్పుడూ ముందే రాసేసి ఉంటుంది. వెనకాల వచ్చి మామ ఆ అంకెల మీద తన మనుషుల కాళ్ళు రాస్తున్నాడు. పాపం, చాలా శ్రద్ధగా.

"నమూనాలు చాలా పద్ధతిగా ఉంటాయండీ" అన్నాడు మామ. "చూసి నేర్చుకున్నాను కూడా. నేను చుట్టుకొలతలు తొమ్మిది తీసేవాణ్ణి. ఆ నమూనాలో పదిహేడున్నాయి. ఇప్పుడు నేనూ పదిహేడు తీస్తున్నా. కాళ్ళు ఎంత బాగా పడుతున్నాయో."

ఇంకో సమయమైతే సర్వరయ్య పడీ పడీ నవ్వేవాడు. ఇప్పుడు ఏడుపొక్కటే తక్కువ. వెనక్కి వచ్చి, ఎవరి నంబర్లు ఎక్కడ కలిశాయో లెక్క తీశాడు. రెండు యూనిట్లలోనూ ఉన్న నంబర్లలో ఒకరికొకరు అడ్డుపడింది ఈ నలభై ఒకట్లే. పాడైన షీట్లు పదకొండు. రెండు ఫోల్డర్లకీ తాళం బిగించి, అరవై రోజుల నకళ్ళలోంచి టేపక్క మొదట రాసిన పదకొండూ ఏరి తీశాడు. మెకానిక్ షీటు పక్కనే పెట్టి చూశాడు. ఆవిడ రాసిన పొడవుకీ, ఇప్పుడున్నదానికీ తేడా సరిగ్గా పదమూడు మిల్లీమీటర్లు.

బుధవారం పొద్దున్నే మేనేజర్‌కి మొత్తం చెప్పేశాడు. మేనేజర్ వింటూ వింటూ మెల్లగా లేచి తలుపు వేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. వచ్చే నెల ట్రస్టు వాళ్ళు రెండు యూనిట్ల కంప్యూటర్లకీ కలిపి ఒక హెడ్‌ని వేయబోతున్నారు. ఆ పేరు తనే రాసి పంపాడు. ఆ పేరు సర్వరయ్యది. రెండు సంస్థలు కలపడమే తప్పని సణిగేవాళ్ళు బోర్డులో ఉన్నారు. వాళ్ళ చేతికి ఇది అందితే కథ ఎక్కడికో పోతుంది. అదీ ఆయన బెంగ.

"ఇప్పుడు సరి చేసేశావు కదా" అన్నాడు. "ఎలా జరిగిందో తేలలేదందాం. టేపక్క ఉద్యోగం నేను పోనివ్వను. ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేద్దాం. ఆవిడా బతుకుతుంది, నువ్వూ బతుకుతావు."

 సర్వరయ్య చూద్దామన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు రోజంతా ఆయనకి ఏదీ రుచించలేదు.

సాయంత్రం ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతోంటే ఎదురుగా కూర్చుని, ఎవరి గురించో అన్నట్టు మొదలుపెట్టాడు. రెండు వాక్యాలయ్యేసరికి ఆవిడకి అర్థమైపోయింది. మిగతాది మడతలు ఆపకుండానే విన్నది.

"ఆ హెచ్చరిక కాగితంలో ఏం రాస్తారు?" అంది.

"అజాగ్రత్తగా కొలిచినందుకు అని."

"ఆవిడ అజాగ్రత్తగా కొలిచిందా?"

"లేదు."

ఆవిడ చొక్కా ఒకటి దులిపి మడిచింది. "ఇరవై ఆరేళ్ళ కాపురంలో మీరు 'తప్పు నాది' అన్న రోజు నాకైతే గుర్తులేదు. కారం ఎక్కువైతే మిరపకాయలది తప్పు. బస్సు తప్పిపోతే గడియారానిది. ఆ మాట మీ గొంతులో ఎలా ఉంటుందో వినాలని నాకెప్పట్నుంచో ఉంది. రేపు నేనక్కడ ఉండను కదా, అదే విచారం."

ఆయనకి కోపం రావాల్సింది. రాలేదు.

గురువారం మూడింటికి కమిటీ కూర్చుంది. మేనేజర్, ఎముకల డాక్టరు, ట్రస్టు తరఫున ఒక పెద్దావిడ. టేపక్క గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఎవరు చెప్పినా విననట్టు మెడలోంచి టేపు తీయలేదు. దాని చివర పట్టుకుని వేలికి చుడుతోంది, విప్పుతోంది.

మేనేజర్ మూడు కేసులూ చదివాడు. సోమవారం నాటి కాగితం చదివాడు. ఇంకేమైనా చెప్పాలా అని సర్వరయ్యకేసి చూశాడు. ఆ చూపులో ఒక బతిమాలుడు ఉంది.

సర్వరయ్య లేచాడు. కాగితం విప్పాడు. మొదట టేపక్క ఫిర్యాదు చదివాడు. తేదీ, టైముతో సహా. తర్వాత దానికి తను ఇచ్చిన జవాబు. తర్వాత రెండు టిక్కుల సంగతి. ఒకటి పెట్టాల్సింది పెట్టలేదు, ఇంకొకటి తీయకూడనిది తీశాను అని. 

డాక్టరు కళ్ళజోడు తీశాడు. "ఫిర్యాదులో అంత స్పష్టంగా రాసి ఉంటే, వెళ్ళి చూడకుండా ఎందుకు మూసేశారు?"

ఈ ప్రశ్నకి సర్వరయ్య దగ్గర సిద్ధంగా రెండు జవాబులున్నాయి. ఆ రోజు పదిహేడు ఫిర్యాదులున్నాయన్నది ఒకటి. ఫోల్డర్లు కలవడం ఎక్కడా జరగదన్నది రెండోది. రెండూ చెప్పలేదు.

"ఆవిడ టేపు, పెన్సిల్ పట్టుకునే మనిషి, కంప్యూటర్ ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. చూడకుండానే అనుకున్నాను. తప్పు నాది."

 ట్రస్టు పెద్దావిడ ఏదో రాసుకుంది. మేనేజర్ బల్ల మీద ఉన్న పేపర్ వెయిట్ తిప్పుతున్నాడు. అందరూ ఇప్పుడు టేపక్కకేసి చూశారు. ఏడుస్తుందనో, దులిపేస్తుందనో. సర్వరయ్య రెండో దానికే సిద్ధపడ్డాడు.

ఆవిడ అడిగింది వేరే. "మొత్తం పదకొండన్నారు కదా. మూడు కాళ్ళు తయారైపోయాయి. మిగతా ఎనిమిదీ?"

"ఫోల్డర్లకి మంగళవారమే తాళం వేసేశానమ్మా. ఇంక ఎవరూ తెరవలేరు."

"ఫోల్డర్ సంగతి కాదండీ. వర్క్‌షాపులో సోమవారం ప్రింటు తీసి గోడకి గుచ్చినవి. వాటి సంగతి?"

 రెండు రోజులు, రెండు రాత్రులు సర్వరయ్య ఆ పదకొండు షీట్ల గురించే ఆలోచించాడు. సర్వర్‌లో ఉన్న వాటి గురించి మాత్రమే. గోడ మీద కాగితమనేది ఒకటుంటుందని తట్టలేదు.

టేపక్క అప్పటికే లేచింది. "ఎంతండీ ఇప్పుడు టైము? మూడున్నర. రెండో బ్యాచి కోత మూడుంబావుకి మొదలెడతారు" అంటూ తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. తన ఉద్యోగం ఏమైందో కనుక్కోలేదు. వెళ్ళొస్తానని చెప్పను కూడా లేదు. వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు, మొదట నడక, తర్వాత పరుగు.

అందరికంటే ముందు కదిలింది ట్రస్టు పెద్దావిడ. ఆవిడ వెనక డాక్టరు. వాళ్ళ వెనక సర్వరయ్య. వర్క్‌షాపు గుమ్మంలోకి వాళ్ళు చేరేసరికి మిషన్ ఆగి ఉంది. కోతవాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద ఒక కాలు, గీత దాకా బ్లేడు దిగి ఆగిపోయింది. టేపక్క గోడ దగ్గర నిలబడి, గుండుసూదులు ఒక్కొక్కటీ పీకి కాగితాలు దించుతోంది. ఊపిరి ఎగపోస్తోంది, చేతులు మాత్రం తొందరపడటం లేదు. నంబరు చూసి, కొన్ని వదిలేస్తోంది. కొన్ని తీస్తోంది. జాబితా ఎవరూ ఇవ్వలేదు. తన మనుషులెవరో, వాళ్ళ అంకెలేవో ఆవిడకి తెలుసు. తనవి కాని అంకెలున్న కాగితమే గోడ మీంచి దిగుతోంది.

"ఎనిమిది" అంది దించినవి కోతవాడి చేతిలో పెడుతూ. సర్వరయ్య తన జాబితాతో పోల్చుకున్నాడు. అవే ఎనిమిది.

కమిటీ ఆ తర్వాత కూర్చుంది పది నిమిషాలే. టేపక్క మీద అభియోగం కొట్టేశారు. హెచ్చరిక కాగితం సర్వరయ్యకి ఇచ్చారు. హెడ్ పదవికి వెళ్ళిన పేరు వెనక్కి తీసుకున్నారు. ఆ కాగితం అందుకుని ఆయన రెండుసార్లు చదివాడు. అందులో రాసిందాంట్లో ఒక్క అబద్ధం లేదు.

శుక్రవారం పొద్దున అందరికంటే ముందు వచ్చాడు. రెండు డొమైన్లలోని ప్రతి మనిషి ఫోల్డర్‌కీ యూనిట్ పేరు కలిపి కొత్త పేరు పెట్టాడు. తీసేసిన టిక్కు పెట్టాడు. రాత్రి నకళ్ళ ప్రోగ్రాం అడ్డం తిరిగింది. దానికి వేరే దారి వెతకడానికి రెండు గంటలు పట్టింది. అప్పుడే రెండు గంటలు కూర్చుని ఉంటే పోయేది కదా అనుకున్నాడు. రోడ్డు దాటి పిండికట్టు మామకి ఆయన సొంత ఫోల్డర్ చూపించాడు. ఇందులో నమూనాలు రావా అని మామ నొచ్చుకున్నాడు. ఆ నమూనాలు ఎవరివో చెప్పగానే మామకి తల కొట్టేసినట్టయింది. కాసేపటికి తేరుకుని, ఆవిడ దగ్గర ఒక పూట కూర్చోనిస్తారేమో అడగండి, క్షమాపణా చెప్పుకుంటాను, పనీ చూసుకుంటాను అన్నాడు.

పదకొండు గంటలకి సర్వరయ్య కొలతల గదికి వెళ్ళాడు. చేతిలో పదకొండు కాగితాలు. నకళ్ళలోంచి తీసిన అసలు కొలతలు, తెల్లటి మందపాటి కాగితం మీద శుభ్రంగా ప్రింటు తీసినవి. పోయినవన్నీ, ఒక్క అంకె తగ్గకుండా. ఇవ్వడానికి తన దగ్గర ఉన్నది అదొక్కటే.

బల్ల అంచున సైకిల్ మెకానిక్ కూర్చుని ఉన్నాడు. టేపక్క ఆయన కాలి మీద ఎర్రబడ్డ చోటికి మందు రాస్తోంది.

సర్వరయ్య కాగితాలు అందించాడు. ఆవిడ చేతులు తుడుచుకుని తీసుకుంది. మొదటిది మెకానిక్‌దే. పైనుంచి కిందికి చదివింది. ముఖంలోకి మెల్లగా ఒక వెలుగు వచ్చింది.

"నావే" అంది. "చూశారా, నేను రాసింది ఇదే."

"చూశానమ్మా. ఒక్కటి కూడా తప్పు లేదు. వీటితోనే కాళ్ళు చెయ్యమని వర్క్‌షాపుకి ఇప్పుడే పంపిస్తాను."

"వద్దొద్దు." ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇవి ఇంక పనికిరావండీ. ఐదు వారాలైంది. కాలు అప్పటిలా ఉండదు, కండ కరుగుతుంది. ఈయనది చూడండి, ఒరుసుకున్న చోట వాపు కూడా ఉంది. అది తగ్గాక మళ్ళీ ఒకసారి చూడాలి. పదకొండుమందికీ కబురు పెట్టాను. అందర్నీ మొదటినుంచీ కొలుస్తాను."

సర్వరయ్య నిలబడిపోయాడు. ఆ పదకొండు కాగితాలూ అక్షరాలా నిజం. అయినా అవి ఎవర్నీ నడిపించలేవు. తన సర్వర్ దేన్నైనా ఉన్నదున్నట్టు దాచిపెడుతుంది, అరవై రోజులైనా. ఈవిడ చేసేదేమో ఇవ్వాళ్టి కాలుని ఇవ్వాళ పట్టుకోవడం.

ఇబ్బంది పెట్టాను అన్నాడు.  ఆవిడ నేల మీద గొంతుక్కూర్చుని మెకానిక్ కాలిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. కళ్ళు మూసుకుంది. బొటనవేళ్ళు ఎముక అంచు వెంబడి మెల్లగా జరిగాయి, ఒక చోట ఆగాయి. ఊదారంగు గీత పడింది. టేపు పైనుంచి కిందికి. మళ్ళీ. ఒకసారి కిందినుంచి పైకి.

రాసుకోవడానికి ఆవిడ చెయ్యి కాగితం కోసం వెతికింది. బల్ల మీద సర్వరయ్య తెచ్చిన కట్ట తగిలింది. పైనున్న మెకానిక్ కాగితం లాగి, అటు తిప్పింది.

"వెనకంతా ఖాళీగానే ఉంది కదా" అంది. పెన్సిల్ తడి చేసుకుని, మెకానిక్ వైపు తలెత్తింది. "ముప్ఫై ఒకటి పాయింట్ రెండు. ఏదీ, అనండి."

"ముప్ఫై ఒకటి పాయింట్ రెండు" అన్నాడు మెకానిక్.

ఆవిడ రాసింది.